పన్నెండు వారాల శాకాహార శిక్షణ: వండటం నేర్పారు, లోటు మాట దాటేశారు

రక్తపరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్ హద్దు దాటిందని తేలినప్పుడు, మందు మొదలుపెట్టే ముందు మూడు నెలలు ఆహారం మార్చి చూద్దామని మా వైద్యురాలు ఒప్పుకోవడంతో, శాకాహారాన్ని వీలైనంత సహజరూపంలో తినడం నేర్పే ఒక యాప్ సేవలో చేరాను. వారానికొక పాఠం, వంట విధానాలు, వారం చివర ఆహార సలహాదారుతో ఇరవై నిమిషాల సంభాషణ, ఇదీ వారిచ్చేది. గడువు ముగిసింది కాబట్టి, చేరదలచినవారికి పనికొచ్చేంత వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా బాగా చేసిన పని మొదటి వారంలోనే ఉంది. తిన్న ప్రతిదాన్నీ రాసుకుని, అది పొలంలోని రూపానికి ఎంత దూరం జరిగిందో చూసి వేరుచేయమన్నారు. మాంసం అరుదుగా తినే నేను ఈ పరీక్షలో సులభంగా గట్టెక్కుతాననుకున్నాను గానీ, బిస్కెట్లు, చిప్స్, తీపి పానీయాలు అన్నీ శాకాహారమేనన్న సంగతి నా జాబితా చూశాకే తలకెక్కింది. 2019లో అమెరికాలో పోషకాహార పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు అతిగా ప్రాసెస్ చేసిన భోజనం, రెండు వారాలు సహజరూపంలోని భోజనం పెట్టి, ఇష్టమైనంత తినమంది; వడ్డించినదానిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలోనూ సమానంగా ఉన్నా, మొదటి రకం తిన్నప్పుడు వారు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. పాఠంలో ఈ ప్రయోగాన్ని చక్కగా వివరించారు. ఆ సహజ భోజనంలో మాంసం కూడా ఉందన్న మాటను మాత్రం వదిలేశారు.

పీచు విషయంలో వారి ఓర్పును మెచ్చుకోవాలి. పెద్దలు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్కసారిగా అంతకు ఎగబాకితే కడుపు ఉబ్బరంతో మూడో రోజే మానేస్తామని ముందే హెచ్చరించి, నాలుగు వారాల్లో మెట్టు మెట్టుగా పెంచారు. గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో వండితే ఉబ్బరం చాలావరకు తగ్గుతుందని నా అనుభవంలోనూ తేలింది. ఓట్స్, బార్లీలలోని కరిగే పీచు పేగులో పైత్యరసపు ఆమ్లాలను పట్టుకుని బయటికి పంపేస్తుంది కనుక, వాటిని తిరిగి తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకోవలసి వస్తుందన్న వివరణ విన్నాక, పొద్దుటి గిన్నెను నేను విసుగు లేకుండా తినగలిగాను. అదే యాప్ అయిదో వారంలో వడకట్టిన పండ్లరసాన్ని సిఫారసు చేయడమే వింత. పీచు వడపోతలో పోయాక మిగిలే చక్కెరను అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించుకోవలసిన చక్కెరల్లో లెక్కిస్తుంది.

నా అసలు ఫిర్యాదు విటమిన్ బి12 గురించి. శరీరానికి కావలసినవన్నీ మొక్కలే ఇస్తాయని పాఠాలు పదేపదే చెబుతాయి. కానీ బి12ను తయారుచేసేవి బ్యాక్టీరియా, మొక్కలు కావు. పాలు, గుడ్లలో కొంత దొరుకుతుంది గానీ, వాటినీ మానేసినవారు మాత్రల మీదనో, బి12 కలిపిన ఆహారం మీదనో ఆధారపడక తప్పదు. రోజుకు కావలసింది 2.4 మైక్రోగ్రాములే, పైగా కాలేయంలో ఏళ్ల తరబడి సరిపడే నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. తిమ్మిర్లు మొదలయ్యేసరికి నరాలు దెబ్బతినడం ఆరంభమై ఉండవచ్చు. ఆకుకూరల్లో దండిగా ఉండే ఫోలేట్ అనే మరో బి విటమిన్, బి12 లోటువల్ల వచ్చే రక్తహీనతను కప్పిపుచ్చి, రోగనిర్ధారణను ఇంకా ఆలస్యం చేయగలదు. ఆరో వారంలో నేను అడిగితే, సహజంగా తింటే అదే సమకూరుతుందని సలహాదారు జవాబిచ్చారు. తొమ్మిదో వారంలో అదే సేవ తన సొంత ప్రోటీన్ పొడిని కొనమంటూ సందేశం పంపింది. మొదటి వారపు లెక్క ప్రకారం ఆ డబ్బాను ఏ వరుసలో పెట్టాలో అడగాలనిపించింది, అడగలేదు.

మరొకటి వంటకు సంబంధించిన పొరపాటు. ఎర్ర రాజ్మాను నానబెట్టిన తరువాత నేరుగా స్లో కుక్కర్‌లో సన్నసెగ మీద వండమని ఒక విధానం చెప్పింది. ఆ గింజల్లోని లెక్టిన్ అనే విషపదార్థం సన్నసెగకు నశించదు, వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో అరగంట తెర్లించిన తరువాతే స్లో కుక్కర్‌లో వేయాలి. నేను రాసిన రెండు రోజులకు దాన్ని సరిదిద్దారు, ఆ మాట కూడా చెప్పడం న్యాయం.

చేరేటప్పుడు ఎత్తు, బరువు, ఇష్టాయిష్టాలు అడిగారు గానీ, వాడుతున్న మందుల గురించి ఒక్క ప్రశ్నా లేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచితే మందు ప్రభావం తగ్గుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారు పిండిపదార్థాలను తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి రక్తంలో పొటాషియం పెరిగిపోయే బెడద ఉంటుంది. అలాంటివారు తమ వైద్యులతో మాట్లాడకుండా ఇందులో చేరవద్దని గట్టిగా చెబుతాను. ఏ మందులూ లేని, వంట చేసుకునే తీరిక ఉన్నవారికైతే మొదటి అయిదారు వారాలు నిస్సందేహంగా విలువైనవి.

మూడు నెలల తరువాతి పరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గింది, హద్దులోకి ఇంకా రాలేదు. వైద్యురాలు మందును మరో మూడు నెలలు వాయిదా వేసి, నేను అడగ్గా బి12 కూడా పరీక్షించి, తక్కువగా ఉందని మాత్ర రాశారు. అయిదుకు మూడు మార్కులు వేస్తాను. సేవను పొడిగించుకోలేదు గానీ, తొలి వారాల్లోనే అచ్చు తీసుకున్న వంట విధానాల కట్ట ఇప్పటికీ పొయ్యి పక్కనే ఉంది, రాజ్మా పుటలో నా చేతిరాత సవరణతో సహా.