పమీర్ దారికి పెట్రోలు పొయ్యి: ఎంఎస్‌ఆర్ విస్పర్‌లైట్ ఇంటర్నేషనల్ ఎంతవరకు పనికొస్తుంది?

కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ నుంచి సారీ తాష్, కరాకుల్, ముర్గాబ్ మీదుగా తజికిస్తాన్‌లోని ఖొరోగ్ దాకా, పమీర్ పర్వతాల దారిలో బైకు మీద వెళ్ళేవాళ్ళు టెంటు గురించి, స్లీపింగ్ బ్యాగు గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి అరచేతిలో పట్టే గ్యాస్ బర్నర్ ఒకటి బ్యాగులో పడేసుకుంటారు. ఆ దారికి అది సరిపడే వస్తువు కాదు. గ్యాస్ డబ్బాలు బిష్కెక్, ఓష్‌లలో ట్రెక్కింగ్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. ఆ తర్వాత 700 కిలోమీటర్ల దారిలో వాటి మీద ఆశ పెట్టుకోకూడదు. విమానంలో వెంట తీసుకెళ్ళడానికి అసలు ఒప్పుకోరు. పెట్రోలంటారా, బైకు కోసం ఎలాగూ ఊరూరా వెతుక్కోవాల్సిందే. అదే పెట్రోలుతో అన్నం కూడా ఉడికితే ఒక బెంగ తగ్గుతుంది. ఎంఎస్‌ఆర్ కంపెనీ పెట్రోలు పొయ్యి విస్పర్‌లైట్ ఇంటర్నేషనల్ కొనడానికి ఇంతకు మించిన కారణం లేదు. ఆ కారణం మీ ప్రయాణానికి వర్తించకపోతే డబ్బు దండగ. ఉదాహరణకు నేపాల్లో పోఖరా నుంచి ముక్తినాథ్ వెళ్ళే దారంతా భోజనం పెట్టే లాడ్జీలే. అక్కడికి ఇది మోసుకెళ్ళడం అనవసరం.

పెట్టెలో పొయ్యి, పంపు, గాలికి అడ్డంగా నిలబెట్టే అల్యూమినియం రేకు, కింద పరిచే మరో రేకు, చిన్న విడిభాగాల ప్యాకెట్టు, సంచి ఉంటాయి. పెట్రోలు బాటిల్ ఉండదు, విడిగా కొనాలి. మంచి గ్యాస్ బర్నర్ ధరకు రెండు మూడింతలు పెట్టాక ఇంకా బాటిల్ కొనమనడం చిరాకు తెప్పించే విషయమే. అలాగని చేతికందిన సీసాకు ఈ పంపు బిగించకూడదు. లోపల ఒత్తిడి ఎక్కుతుంది కాబట్టి ఆ కంపెనీ బాటిలే వాడాలి. 325, 591, 887 మిల్లీలీటర్ల సైజుల్లో వస్తాయి. బైకు ట్యాంకు పక్కనే ఉంటుంది గనక 591 చాలు. మనిషికి రోజుకు 120 మిల్లీలీటర్ల లెక్కన ఇద్దరికి రెండు రోజులు నిశ్చింతగా వస్తుంది. గీత దాటి నింపొద్దు. పైన గాలికి చోటు లేకపోతే పంపు కొట్టినా ఒత్తిడి నిలవదు.

పొయ్యి, పంపు కలిపి 310 గ్రాముల దాకా తూగుతాయి. కాళ్ళు మడిస్తే ఒకటిన్నర లీటరు గిన్నెలో ఇమిడిపోతుంది. వైట్ గ్యాస్ (పేరుకే గ్యాస్, నిజానికి ఇలాంటి పొయ్యిల కోసం శుద్ధి చేసిన పెట్రోలు లాంటి ద్రవం), సీసం లేని పెట్రోలు, కిరసనాయిలు, మూడింటితోనూ మండుతుంది. డీజిల్ పోయకూడదు. డీజిల్ కూడా కావాలనుకుంటే అదే కంపెనీ ఎక్స్‌జీకే ఈఎక్స్ ఉంది, కాకపోతే దాని హోరుకు పక్క టెంట్లో వాళ్ళు లేచి కూర్చుంటారు. ఇంధనం చిమ్మే సన్నటి రంధ్రం ఉన్న జెట్లు రెండు. యూజీ అని చెక్కి ఉన్నది పెట్రోలుకు, వైట్ గ్యాస్‌కు. యూకే అని ఉన్నది కిరసనాయిలుకు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందే ఏది బిగించి ఉందో వెలుతురులో అక్షరాలు చదివి చూసుకోవాలి. యూకే జెట్ రంధ్రం సన్నం. దాంతో పెట్రోలు మండిస్తే వేడి చాలదు. యూజీతో కిరసనాయిలు మండిస్తే పొగ, మసి.

మన ఇళ్ళల్లో ఒకప్పుడు ఉండే ఇత్తడి పంపు స్టవ్వు వెలిగించినవాళ్ళకు దీని సంగతి సగం తెలిసినట్టే. ముందు బర్నర్ వేడెక్కాలి, అప్పుడే లోపలికొచ్చే ద్రవం ఆవిరై నీలంగా మండుతుంది. బాటిల్ నిండుగా ఉంటే 20 సార్లు పంపు కొట్టాలి. సగానికి దిగితే ఇంకా ఎక్కువ కొట్టాలి, ఎందుకంటే నింపాల్సిన ఖాళీ పెరిగింది. వాల్వు తెరిచి అర టీస్పూను పెట్రోలు కింది కప్పులోకి దిగగానే కట్టేసి వెలిగించాలి. మంట మోకాలెత్తు లేచినా కంగారు పడక్కర్లేదు. అది తగ్గి ఆరిపోబోతుండగా వాల్వు కొద్దికొద్దిగా తిప్పాలి. నీలం మంట, సన్నటి హోరు వస్తే అయినట్టే. పసుపు నాలుకలు ఎగిశాయంటే తొందరపడ్డారని అర్థం. కట్టేసి, చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టాలి. వేడి పొయ్యి మీద రెండోసారి పెట్రోలు పోసి వెలిగించబోతే ఆవిరి భగ్గుమని మొహం మీదికి వస్తుంది. ఈ తొందర ప్రమాదకరం.

వేడెక్కించడానికి పెట్రోలుకు బదులు స్పిరిట్ వాడితే గిన్నెకు, చేతులకు మసి అంటదు. 50 మిల్లీలీటర్ల బుడ్డి ఒకటి చాలా రోజులు వస్తుంది. ఆల్కహాలు శానిటైజర్ జెల్ అయినా సరే. కిరసనాయిలు పోసినప్పుడైతే స్పిరిట్ దాదాపు తప్పనిసరి. చలిలో కిరసనాయిలు ఒక పట్టాన అంటుకోదు.

మొరాయించే చోట్లు మూడు. మొదటిది జెట్. అందులో బరువు తగిలించిన సన్నటి సూది ఉంటుంది. పొయ్యి చల్లారాక తిరగేసి గలగలా ఊపితే సూది రంధ్రంలోకి దూరి మసి తీసేస్తుంది. పాత స్టవ్వుకు పిన్ను పొడవడం లాంటి పనే, విడిగా పిన్ను లేదంతే. రోజూ వండేముందు ఒకసారి ఊపడం అలవాటు చేసుకుంటే చాలు. రెండోది పెట్రోలు వచ్చే గొట్టం. బైకు పెట్రోల్లో కలిపే రసాయనాలు వేడికి గొట్టం లోపల జిగురులా పేరుకుంటాయి. వైట్ గ్యాస్‌లో అవి ఉండవు, అందుకే కంపెనీ దాన్నే వాడమంటుంది. గొట్టం పూడుకుంటే జెట్ కడిగినా మంట పుంజుకోదు. జెట్ విప్పి, గొట్టంలో ఉన్న కేబుల్‌ను దాంతో వచ్చే పనిముట్టుతో లాగాలి, పెట్రోలు చుక్క వేసి ఇరవై సార్లు ముందుకూ వెనక్కూ తోయాలి. తర్వాత కేబుల్ బయటకు తీసి, బాటిల్ బిగించి, నాలుగు టేబుల్‌స్పూన్ల పెట్రోలు గొట్టం గుండా ఏదైనా డబ్బాలోకి వదిలితే మడ్డి కొట్టుకుపోతుంది. పెట్రోలుతోనే నడిపేవాళ్ళు ఈ పని వారానికోసారి, పొయ్యి బాగా మండుతున్నప్పుడే చేసేస్తే నయం. గాలి కొడుతుండగా ముర్గాబ్ మైదానంలో కూర్చుని చేసే పని కాదది.

మూడోది పంపు. లోపలి తోలు వాషరు ఎండిపోతే పంపు తేలిగ్గా ఆడుతుంది గానీ ఒత్తిడి ఎక్కదు. రెండు చుక్కల నూనె రాసి, వేలితో అంచు కాస్త విప్పార్చి మళ్ళీ ఎక్కిస్తే సరి. ప్లాస్టిక్ పంపు అని పెదవి విరిచేవాళ్ళున్నారు. తిన్నగా వాడితే ఏళ్ళ తరబడి ఉంటుంది కానీ బూటు కింద పడితే పోయినట్టే, బాగుచేసుకునే దారి లేదు. ఖొరోగ్ దాకా వెళ్ళేవాళ్ళు ‘ఓ-రింగులు’ అనే రబ్బరు రింగులు, వాషరు, ఫిల్టరు ఉన్న సర్వీస్ కిట్ తప్పక కొనాలి. ఇద్దరి జట్టయితే రెండో పంపు కూడా ఒకటి పెట్టుకోవచ్చు.

పెట్రోలు సంగతి. ఆ ప్రాంతంలో 80, 92 ఆక్టేన్ అని అమ్ముతారు. ఇంజను నాక్ కొడుతుందని బైకుకు పోయడానికి జంకే 80 ఆక్టేన్ ఈ పొయ్యికి ఏ ఇబ్బందీ పెట్టదు, ఇక్కడ పిస్టను ఒత్తిడి ఏమీ లేదుగా. మురికితోనే తంటా. క్యాన్లలోంచి పోసే పెట్రోలును పొయ్యికి ఫిల్టరు గరాటులో వడకట్టాకే వాడాలి. నీరు కలిసిందేమోనని పారదర్శక సీసాలో పోసి ఐదు నిమిషాలు ఉంచి చూడాలి, నీరుంటే అడుగున గీతలా తేరుతుంది. ఒకప్పుడు సోవియట్ యూనియన్‌లో భాగంగా ఉన్న ఈ దేశాల హార్డ్‌వేర్ షాపుల్లో ‘కలోషా’ అనే శుద్ధమైన బెంజిన్ అమ్ముతారు. వైట్ గ్యాస్‌కు దగ్గరి బంధువు. కనిపిస్తే ఒక సీసా కొనుక్కోండి, గొట్టం కడిగే బాధ తప్పుతుంది.

ట్యాంకులోంచి తీయడం బైకును బట్టి ఉంటుంది. కార్బురేటర్ బైకుకు ట్యాపు పైపు ఊడదీసి పట్టుకోవచ్చు. వాక్యూమ్ ట్యాపయితే ఇంజను ఆపి ఉన్నప్పుడు చుక్క రాదు, పీఆర్‌ఐ అన్న గుర్తుకు తిప్పాలి. ఇంజెక్షన్ బైకుల్లో పెట్రోలు లైను మూడు బార్ల ఒత్తిడి మీద ఉంటుంది, దాని జోలికి పోవద్దు. మీటరు పొడవు సన్నటి సైఫన్ గొట్టం వాడాలి, లేదా బంకులో బైకు నింపించేటప్పుడే బాటిల్ కూడా పట్టించుకోవాలి.

వంట దగ్గర దీని లోటు బయటపడుతుంది. నీళ్ళు కాచడంలో తిరుగులేదు. వైట్ గ్యాస్‌తో లీటరు నీళ్ళు మూడున్నర నిమిషాలని కంపెనీ లెక్క. గాలి, చలి, పెట్రోలు కలిస్తే ఐదారు నిమిషాలు అనుకోండి. సన్నటి సెగ మాత్రం దీనికి చేతకాదు. వాల్వు పంపు దగ్గర ఉంది, మంట గొట్టానికి అవతల ఉంది. తిప్పిన ఫలితం ఆలస్యంగా తెలుస్తుంది, ఈలోగా పోపు మాడిపోతుంది. ఒక ఉపాయం ఉంది. పొయ్యి ఆర్పి, పూర్తిగా చల్లారాక, మంటలేవీ లేనిచోట బాటిల్ ఒత్తిడి వదిలేసి, సగం నిండిన బాటిల్‌కు ఐదారు పంపులే కొట్టి మళ్ళీ వెలిగిస్తే మంట చిన్నగా నిలుస్తుంది. ఉప్మాకు చాలు, దోసెకు చాలదు.

ఎత్తు ఇంకో చిక్కు. కరాకుల్ దగ్గర 3,900 మీటర్లలో నీళ్ళు 87 డిగ్రీలకే మరుగుతాయి. మూత పెట్టి గంట ఉంచినా కందిపప్పు పలుకుగానే ఉంటుంది, పెట్రోలు ఒక్కటే ఖర్చు. పప్పన్నం లేనిదే పొద్దుపోనివాళ్ళు ఒకటిన్నర లీటరు కుక్కర్ మోయాల్సిందే. కిలోకి అటూ ఇటూ బరువు గానీ ఆ ఎత్తులో పెట్రోలు ఆదాతో ఆ బరువు గిట్టుబాటు అవుతుంది. కుక్కర్ వద్దనుకుంటే వేయించిన బొంబాయి రవ్వ, అటుకులు, వేయించి పొడి కొట్టిన పెసరపప్పు తీసుకెళ్ళాలి. అటుకుల మీద వేడి నీళ్ళు పోసి మూత పెడితే చాలు, పొయ్యి ఆర్పేయొచ్చు. ఆవకాయ నూనె సీసా మూత దారిలో కారకుండా ఉండదు. దాన్ని రెండు జిప్ కవర్లలో పెట్టి బట్టలకు దూరంగా ఉంచాలి.

గాలి రేకును గిన్నె చుట్టూ రెండు మూడు సెంటీమీటర్లు వదిలి నిలబెట్టాలి. బాటిల్ ఎప్పుడూ రేకుకు బయట, గొట్టం సాగినంత దూరంలో ఉండాలి. లోపల పెడితే బాటిల్ వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది. ఎంత చలి ఉన్నా టెంట్లో గానీ, టెంటు ముందు వసారాలో గానీ వెలిగించొద్దు. వేడెక్కించే మంట బట్టను అంటుకుంటే ఆర్పే వ్యవధి ఉండదు. కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియదు.

బైకు మీద కట్టేటప్పుడు పంపు విప్పేసి, మామూలు మూత బిగించాలి. ఒత్తిడితో ఉన్న బాటిల్‌ను కుదుపుల్లో మోయకూడదు. సైలెన్సర్ లేని వైపు, క్రాష్ గార్డు కింది భాగంలో నిలువుగా కట్టడం మేలు. అల్యూమినియం బాటిల్ ఇనుప కడ్డీకి రాసుకుంటూ పోతే గోడ అరిగి కారుతుంది, మధ్యలో పాత ట్యూబు ముక్క చుట్టాలి. గొట్టంలో మిగిలిన పెట్రోలు చుక్కలు సంచిలో కారి తిండి సామాన్లకు వాసన పట్టిస్తాయి. ఈ ఒక్క విషయంలో ఆప్టిమస్ నోవా అనే మరో పెట్రోలు పొయ్యి మెరుగు. దాని బాటిల్ తిరగేస్తే గొట్టం ఖాళీ అయి దానంతట అదే ఆరిపోతుంది. సన్నటి సెగ కూడా కావాలంటే ప్రైమస్ ఓమ్నిఫ్యూయెల్ చూడొచ్చు, వాల్వు బర్నర్ దగ్గరే ఉంటుంది. బరువు, హోరు రెండూ ఎక్కువే.

బైకు అక్కడే అద్దెకు తీసుకుని విమానంలో వెళ్ళేవాళ్ళకు చివరి పరీక్ష ఎయిర్‌పోర్టులో. వాడిన పెట్రోలు పొయ్యిని చెకిన్ బ్యాగులో పెట్టాలంటే ఎయిర్‌లైన్ ముందుగా ఒప్పుకోవాలి. అంతర్జాతీయ నియమం ప్రకారం ద్రవం మొత్తం వంచేసి కనీసం గంటసేపు చుక్కలు కారనివ్వాలి, తర్వాత మూత తీసి కనీసం ఆరు గంటలు ఉంచాలి. లేదా బాటిల్‌లో వంటనూనె తొలిపి, వంచేయాలి. వెళ్ళేటప్పుడు ఎప్పుడూ వాడని కొత్త బాటిల్ తీసుకెళ్తే సగం ప్రశ్నలు తప్పుతాయి. తిరుగు ప్రయాణానికి ముందురోజు గది తీసుకుని, మధ్యాహ్నానికే పొయ్యి, పంపు, బాటిల్ విప్పి సబ్బునీళ్ళతో కడిగి, బాల్కనీలో ఆరబెట్టాలి. గాలి రేకు మసి మాత్రం కడిగినా పోదు, పాత వార్తాపత్రికలో చుట్టి పెట్టెయ్యండి.