డూలాక్ లోయకి వ్యాన్ టూర్‌లో వెళ్లొద్దు

ఐర్లండ్ పడమటి తీరాన మేయో కౌంటీలో, 1840లలో బంగాళదుంప పంట తెగులుతో పోయి వచ్చిన మహా కరువు గుర్తులు చూపిస్తామని మనిషికి 65 యూరోలు పట్టిన వ్యాన్ వాళ్లు, ఆ కరువులో చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన డూలాక్ శిలువ దగ్గర ఆపింది పది నిమిషాలు. ఫొటోలు తీసుకోమన్నారు, అంతే. 1849లో అక్కడ ఏం జరిగిందో ఒక్క ముక్క చెప్పలేదు. మా అత్తగారు తిరుగు దారంతా మాట్లాడలేదు. ఆవిడ కోపం న్యాయమే.

ఆ ఏడాది మార్చి 30న, సర్కారు సాయం మీద బతికేవాళ్లని లూయిస్‌బర్గ్ ఊళ్లో తనిఖీ చెయ్యాల్సిన అధికారులు ఆ పని చెయ్యకుండా లోయకి అవతల ఉన్న డెల్ఫీ లాడ్జి అనే బంగళాకి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున 7 గంటలకల్లా అక్కడికి రాకపోతే పేరు కొట్టేస్తామన్నారు. సుమారు 19 కిలోమీటర్లు. వందలమంది రాత్రికి రాత్రి ఆ చలిలో నడిచారు. తీరా వెళ్తే వట్టి చేతులతో పంపేశారు. అప్పట్లో పత్రికకి అందిన ఉత్తరం ప్రకారం దారి పక్కన దొరికిన శవాలు 7. ఊళ్లో తరతరాలుగా చెప్పుకునే లెక్క వందల్లో ఉంటుంది. చనిపోయినవాళ్ల నోళ్లలో గడ్డి ఉందనీ చెబుతారు.

సాయంగా ఇచ్చిన మొక్కజొన్న సంగతీ తెలుసుకుని వెళ్లాలి. 1845లో బ్రిటన్ ప్రధాని పీల్ అమెరికా నుంచి లక్ష పౌండ్ల విలువైన మొక్కజొన్న కొనిపించాడు. ఆ గింజ రాయిలాంటిది, రెండుసార్లు మర పట్టాలి. ముతకగా విసిరి, సగం ఉడికించి తింటే కడుపునొప్పి, విరేచనాలు. బంగాళదుంప ఉడకేసుకోవడమే అలవాటైన ఇళ్లలో దాన్ని ఎలా వండాలో ఎవరికి తెలుస్తుంది?

నాక్ విమానాశ్రయంలో కారు తీసుకోండి, మాకు రోజుకి 58 యూరోలు పడింది. లూయిస్‌బర్గ్ నుంచి లీనాన్ వైపు ఆర్335 రోడ్డు. లోయలో కొట్లుండవు, తిండీ రెయిన్‌కోటూ వెంట ఉండాలి. ఎండ ఏటవాలుగా పడే సాయంత్రం అయితేనే కొండవాలు మీద పాత దుంపల మళ్ల గట్లు చారలు చారలుగా తేలతాయి. నడినెత్తిన ఎండ ఉంటే వట్టి పచ్చికే. శిలువ మీద చెక్కిన గాంధీ మాట నిలబడి చదవండి: తోటి మనుషుల్ని అవమానించి తాము గౌరవం పొందామని మనుషులు ఎలా అనుకుంటారో అని. నడవగలిగితే ఆ చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా ఏటా ఇదే దారిలో జరిగే కరువు నడకకి వెళ్లడం అన్నిటికన్నా మంచిది.

వెస్ట్‌పోర్ట్‌లో బస 95 యూరోలు, శుభ్రంగా ఉంది. దగ్గర్లోని మరిస్క్‌లో కరువు స్మారకంగా 1997లో పెట్టిన కంచు ఓడ శిల్పానికి టికెట్టు లేదు. తెరచాప తాళ్ల చోట అస్థిపంజరాలుంటాయి, చిన్నపిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్లండి.