పోషణ్ ట్రాకర్ యాప్: బిడ్డతో పాటు రికార్డూ వెళ్తుందా?

అంగన్‌వాడీ టీచర్లు పిల్లల వివరాలు ఎక్కించే కేంద్ర ప్రభుత్వ యాప్ పోషణ్ ట్రాకర్. ఇందులో అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది బదిలీ సదుపాయం. బిడ్డ పేరు ఒక అంగన్‌వాడీలో నమోదై ఉంటే, కుటుంబం ఊరు మారినా కొత్త సెంటర్ టీచర్ అదే రికార్డును తన జాబితాలోకి తెచ్చుకోవచ్చు. రాష్ట్రం దాటినా అంతే. పాలమూరు నుంచి పనులకు వలసపోయే కుటుంబాలకూ, మన ఇటుక బట్టీలకు వచ్చే ఒడిశా కుటుంబాలకూ ఇది చాలా పెద్ద మేలు. రిజిస్టర్ల కాలంలో పాత బరువులు బిడ్డ వెంట వచ్చేవి కావు. కొత్త టీచర్ ఆ నెల బరువొక్కటే చూసి ఫర్వాలేదనుకునేది. మూడు నెలలుగా ఆ బిడ్డ బరువు పెరగనేలేదని ఆమెకు తెలిసే దారి ఉండేది కాదు.

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. 2018లో కేంద్రం పోషకాహార కార్యక్రమం పోషణ్ అభియాన్ వచ్చాక టీచర్ల చేతికి ఫోన్లు, వాటిలో ఐసీడీఎస్-క్యాస్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాయి. దాని స్థానంలో 2021 మార్చి 1న పోషణ్ ట్రాకర్‌ను తెచ్చారు. దేశంలోని దాదాపు 14 లక్షల కేంద్రాలకు ఇదొక్కటే ఉమ్మడి వ్యవస్థ. పిల్లల హాజరు, వేడి భోజనం, ఇంటికిచ్చే రేషన్, ఎత్తు, బరువు అన్నీ ఇందులోనే ఎక్కుతాయి.

ఎదుగుదల లెక్క బాగుంది. పుట్టిన తేదీ, ఎత్తు, బరువు నింపితే చాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలతో పోల్చి బిడ్డ పొట్టిగా ఉన్నాడా, బక్కచిక్కాడా, వయసుకు తగ్గ బరువు లేడా అని యాప్ చెప్పేస్తుంది. సామ్ (తీవ్రంగా బక్కచిక్కిన), మామ్ (ఓ మోస్తరుగా బక్కచిక్కిన) పిల్లల్ని తేల్చడానికి టీచర్ చార్టు మీద వేలు పెట్టి వెతుక్కోనక్కర్లేదు. అయితే యాప్ తనకిచ్చిన అంకెనే నమ్ముతుంది, తప్పులన్నీ జరిగేది ఆ అంకె దగ్గరే. 81.5 సెంటీమీటర్ల మగపిల్లవాణ్ని తీసుకోండి. అసలు వయసు 20 నెలలైతే అతను మామూలుగానే ఉన్నట్టు, ఎందుకంటే ఆ వయసుకు పొట్టితనం గీత 78.6 సెంటీమీటర్లు, అంతకన్నా తక్కువుంటేనే పొట్టి. పుట్టిన తేదీ ఆరు నెలలు వెనక్కి పడితే యాప్ దృష్టిలో వయసు 26 నెలలు, గీత 82.5. ఒక్క మిల్లీమీటరు తగ్గకుండానే పిల్లవాడు పొట్టివాళ్ల జాబితాలో చేరిపోతాడు. అందుకే నోటి మాట మీద తేదీ రాయకూడదు. జనన ధ్రువపత్రమో, తల్లీబిడ్డల కార్డో చూసి రాయాలి.

కొలిచే తీరూ అంతే ముఖ్యం. రెండేళ్లలోపు పిల్లల్ని ఇన్‌ఫాంటోమీటర్ అనే కొలత పలక మీద పడుకోబెట్టి కొలవాలి, రెండేళ్లు దాటితే స్టేడియోమీటర్ అనే నిలువు కొలబద్దకు ఆనించి నిలబెట్టాలి. ఈ రెండు పద్ధతుల మధ్య 0.7 సెంటీమీటర్ల తేడా వస్తుంది. పడుకోబెట్టి కొలిచేటప్పుడు ఇద్దరు కావాలి: ఆయా తల పట్టుకుంటే టీచర్ మోకాళ్లు అదిమి పలక జరపాలి. పిలక విప్పాలి, చెప్పులు తీయించాలి. తొందరలో ఎత్తు రెండు సెంటీమీటర్లు ఎక్కువ రాస్తే పొట్టితనం దాగిపోతుంది, లేని బక్కతనం పుట్టుకొస్తుంది. తూకం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి వేరే రాళ్లు వెతకక్కర్లేదు. పిల్లలకు ఇంటికిచ్చే బాలామృతం పిండి 2.5 కిలోల ప్యాకెట్‌ను విప్పకుండా పెడితే ప్రతిసారీ ఒకే అంకె చూపాలి.

బాధ కలిగించేది ఒకే బిడ్డ వివరాలు రెండుసార్లు ఎక్కించాల్సి రావడం. కేంద్రం యాప్ పక్కనే రాష్ట్రాల యాప్‌లూ ఉన్నాయి: తెలంగాణలో ఎన్‌హెచ్‌టీఎస్, ఆంధ్రలో బాలసంజీవని. రాష్ట్రాలు గుడ్లు, పాలు, సరుకుల లెక్క తమ పద్ధతిలో చూసుకోవాలనుకోవడంలో తప్పు లేదు. కానీ ఒకచోట 9.2 కిలోలు, ఇంకోచోట 9.8 అని పడితే ఏది నిజమో పైనున్న సూపర్‌వైజర్‌కు తెలియదు. ఒకసారి ఎక్కించిన అంకె రెండో యాప్‌కు దానంతటదే వెళ్లాలి. దానికి బిడ్డకు ఒకే గుర్తింపు సంఖ్య, రెండు వైపులా ఒకే రకం గడులు, ఏ గడికి ఎవరిది తుది మాటో ముందే రాసుకున్న ఒప్పందం కావాలి. ఎత్తు కిందటి నెలకన్నా తగ్గితే, బరువు ఒక్కసారిగా కిలో పెరిగితే అక్కడే ఆపి మళ్లీ కొలవమనాలి.

ఇక ముఖ గుర్తింపు. ఇంటికిచ్చే రేషన్‌కు 2025 జులై 1 నుంచి దీన్ని తప్పనిసరి చేశారు. ముందు ఆధార్ ఓటీపీతో ఈ-కేవైసీ (ఫోన్‌లోనే గుర్తింపు నిర్ధారణ), తర్వాత ప్యాకెట్ ఇచ్చేటప్పుడు తల్లి ముఖం ఫొటోతో సరిపోవాలి. దొంగ పేర్లను ఏరివేయడానికి తెచ్చిన ఈ ఏర్పాటు గర్భిణులకు, బాలింతలకు భారమవుతోంది. ఆధార్‌కు ఇచ్చిన నంబరు భర్త ఫోన్‌ది, ఆయన పనికి పోయాడు, ఓటీపీ అక్కడికి పోతుంది. సిగ్నల్ లేని తండాలో చక్రం తిరుగుతూనే ఉంటుంది. గదిలో వెలుతురు చాలదు. ఈ పోషకాహారం గర్భిణికి 2013 ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు. ఫోన్ మొండికేసినంత మాత్రాన ఆమె ఖాళీ చేతులతో వెళ్లకూడదు. సరుకు ముందు ఇచ్చి, సంతకం తీసుకుని, సిగ్నల్ దొరికాక సరిచూసే వెసులుబాటు వ్యవస్థలోనే ఉండాలి.

అప్పటిదాకా టీచర్లు చేయగలిగినది కొంత ఉంది. పంపిణీకి వారం ముందే ఈ-కేవైసీ కాని పేర్లు విడిగా రాసుకుని, నంబరు మారినవాళ్లను మీసేవకో ఆధార్ కేంద్రానికో పంపండి. ఫొటో వాకిట్లో, ముఖానికి ఎదురుగా వెలుతురు పడేలా తీయండి. బిడ్డకు ఆధార్ లేదని ఎవరినీ వెనక్కి పంపొద్దు, తల్లి ఆధార్ చాలు.

తల్లిదండ్రులు నెలకొకసారి టీచర్ ఫోన్‌లో తమ బిడ్డ గ్రోత్ చార్ట్ చూపించమని అడగండి. ముందు పుట్టిన తేదీ చూడండి, తర్వాత గీత ఎటు పోతోందో చూడండి. తేదీ తప్పుంటే అక్కడికక్కడే చెప్పండి. రేషన్ అందకపోతే పోషణ్ హెల్ప్‌లైన్ 14408.