ఉప్పంగళ చెట్ల లెక్కలు: ఒక సతత హరితారణ్య దత్తాంశంపై సమీక్ష

నరుకుడు ఎరుగని సతత హరితారణ్యంలో చెట్ల సంఖ్య ఏళ్ల తరబడి ఎలా మారుతుందో ఒక్కొక్క చెట్టు వారీగా చూపే దత్తాంశాలు మన దేశంలో చాలా అరుదు. పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ 1989లో కర్ణాటకలోని కొడగు జిల్లా కడమకల్ రిజర్వు అడవిలో, ఉప్పంగళ వద్ద 5.07 హెక్టార్ల శాశ్వత పరిశీలనా క్షేత్రాన్ని నెలకొల్పింది. ఆ లెక్కలు 2011లో ‘ఎకాలజీ’ పత్రిక ద్వారా అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అడవుల గురించి చదువుకునే విద్యార్థులకు నేను మొదట సూచించేది దీన్నే.

దీని బలం కొలతలోని శ్రద్ధ. రొమ్ము ఎత్తున 30 సెంటీమీటర్లు, అంతకు మించిన చుట్టుకొలత ఉన్న ప్రతి చెట్టుకూ జాతి, నిలిచిన చోటు, లెక్కింపు లెక్కింపుకూ చుట్టుకొలత నమోదయ్యాయి. మానుకు శాశ్వతంగా బిగించిన ఉక్కు పట్టీతో కొలిచినప్పుడు, టేపు ప్రతిసారీ కాస్త పైకో కిందికో జరగడం వల్ల వచ్చే పొరపాటు ఉండదు. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే లావెక్కే చెట్ల విషయంలో ఆ పొరపాటు అసలు పెరుగుదలనే మింగేయగలదు. కింది అంతస్తులో హంబోల్టియా బ్రునోనిస్, నడుమ అడవి జాజికాయ జాతి మిరిస్టికా, పైన వటేరియా ఇండికా, వాటినీ మించి తలెత్తే డిప్టెరోకార్పస్ ఇండికస్ ఈ అడవిలో ప్రధానమైనవి. (చివరి రెండూ మన శేషాచలం కొండల జాలారి కుటుంబానివే.) ఏ చెట్టు ఎక్కడ ఉందో తెలుసు కనుక, ఒక పెద్ద మాను కూలాక చుట్టుపక్కలవి ఎంత వేగంగా పెరిగాయో కూడా పరిశీలించవచ్చు.

అయితే ఈ దత్తాంశం చెట్ల చావును నమ్మకంగా చెబుతుంది గాని, పుట్టుకను చాలా ఆలస్యంగా చెబుతుంది. పట్టికలో కొత్తగా చేరిన చెట్టు అంటే ఆ ఏడు మొలకెత్తినది కాదు, 30 సెంటీమీటర్ల గీత దాటినది మాత్రమే. నీడలో ఏడాదికి 5 మిల్లీమీటర్ల చొప్పున చుట్టుకొలత పెరిగే మొక్క ఆ గీత చేరడానికి 60 ఏళ్లు పడుతుంది. కాబట్టి 2000 నాటి కొత్త చెట్టు 1940కి ముందే మొలిచి ఉండవచ్చు. ఈ తేడా గమనించకుండా మరణాలనూ చేరికలనూ పక్కపక్కన పెట్టి, అడవి నిలకడగా ఉందనో క్షీణిస్తోందనో తేల్చేయడం పెద్ద తప్పు.

పనామాలోని బారో కొలరాడో ద్వీపంలో 50 హెక్టార్లలో 1 సెంటీమీటరు వ్యాసం (అంటే సుమారు 3 సెంటీమీటర్ల చుట్టుకొలత) నుంచే చెట్లను లెక్కిస్తారు. అందుకే 1982–83 ఎల్ నీనో కరవు ఆ అడవిలోని చిన్నా పెద్దా చెట్లపై చూపిన ప్రభావం అక్కడ కనబడింది. ఉప్పంగళ నుంచి అంతటి వివరాన్ని ఆశించకూడదు. అరుదైన జాతులు కూడా 5 హెక్టార్లలో కొద్ది చెట్లుగానే దొరుకుతాయి. అలాంటి జాతికి విడిగా మరణాల రేటు కడితే ఒక్క చెట్టు కూలినా అంకె తలకిందులవుతుంది. ప్రధాన జాతుల పెరుగుదలను, మరణాలను అధ్యయనం చేయదలచినవారు మాత్రం దీన్ని నిస్సంకోచంగా వాడుకోవచ్చు.