కుర్చీలు లెక్కపెట్టడం నేర్పిన కోర్సు: మూడేళ్ల తర్వాత నా మాట

దూరవిద్యలో ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ (కళా సంస్థల నిర్వహణ) డిప్లొమా పూర్తి చేసి మూడేళ్లయింది. ఫీజెంత, క్లాసులెన్ని, పరీక్షలెలా ఉంటాయి అన్నవి వాళ్ల బ్రోచర్‌లోనే దొరుకుతాయి కాబట్టి ఇక్కడ రాయను. నేను చెప్పదలచుకున్నది ఒక్క అసైన్‌మెంటు గురించి. పాలకొల్లు దగ్గర మా ఊరి నాటక పరిషత్తుకు నేను కోశాధికారిని. నాన్నగారి తర్వాత పద్దు పుస్తకం నా చేతికొచ్చింది. ఆ అసైన్‌మెంటు మా పరిషత్తును మార్చేసింది.

ప్రేక్షకుల గురించిన పాఠం చివర అడిగింది ఇదీ: మీ కార్యక్రమంలో అరగంటకోసారి జనాన్ని లెక్కపెట్టండి. ఎప్పుడు లేచి వెళ్తున్నారో, అప్పుడు వేదిక మీద ఏం జరుగుతోందో రాయండి. కారణం మీరు ఊహించొద్దు, వెళ్లేవాళ్లనే అడగండి.

మా పరిషత్తు మాఘమాసంలో మూడు రాత్రులు. రాత్రికి మూడు నాటికలు. టికెట్టు లేదు, చందాలతోనే నడుస్తుంది. "జనం నాటకాలు చూడ్డం మానేశారు, టీవీలొచ్చాక సగం పోయారు, ఫోన్లొచ్చాక మిగతా సగం పోయారు" అని కమిటీలో ఏటా అనుకునేవాళ్లం. నేనూ అదే నమ్మాను.

మొదటి రాత్రి పుస్తకం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. మొదటి నాటిక నడుస్తుండగా 400 కుర్చీల్లో 380 నిండి ఉన్నాయి. ఆ గంటలో లేచినవాళ్లు 11 మంది. వాళ్లలోనూ నలుగురు పిల్లల్ని బయటికి తీసుకెళ్లి మళ్లీ వచ్చి కూర్చున్నారు. నాటిక అవగానే దాతలకు సన్మానం మొదలైంది. ఒక్కొక్కరికీ దండ, శాలువా, జ్ఞాపిక, వారి గురించి నాలుగు మాటలు, ఆపైన వారి స్పందన. 50 నిమిషాలు పట్టింది. రెండో నాటికకు తెర లేచేసరికి పందిట్లో 210 మంది. దాని తర్వాత మళ్లీ సన్మానాలు. మూడో నాటికకు మిగిలింది 90 మంది. మిగతా రెండు రాత్రులూ ఇదే వరస. గేటు దగ్గర ఒక పెద్దావిడను ఆపి అడిగాను. "ఆయ్, నాటకం బాగుందండి. ఆ దండలన్నీ అయ్యేతలికి పదిన్నరవుద్ది. తెల్లారగట్ల దాళ్వా కలుపుకెళ్లాలి కదండీ" అంది.

ఆ రాత్రి ఇంటికొచ్చాక చాలాసేపు నిద్ర పట్టలేదు. గుంటూరు నుంచి, విశాఖ నుంచి వ్యాన్లలో సెట్టు సామాను వేసుకుని కళాకారులొస్తారు. మూడో నాటిక వంతు వచ్చినవాళ్లు అన్నేళ్లుగా ఖాళీ కుర్చీల ముందు ఆడుతున్నారు. దానికి కారణం మేమే. తప్పు మాత్రం జనం మీద వేస్తున్నాం.

మరుసటి ఏడాది సన్మానాలన్నీ సాయంత్రం ఆరున్నరకే, నాటికలు మొదలవకముందే ముగించాం. మూడో నాటికకు మొదటి రాత్రి 240 మంది ఉన్నారు. అంకె రాస్తుంటే నా చెయ్యి వణికింది.

పైన "మార్చేసింది" అని రాశాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాట కొంచెం ఎక్కువే. ఏటా పాతిక వేలిచ్చే రైస్‌మిల్లు యజమాని ఒకాయన ఆ మరుసటి ఏడాది చందా పుస్తకం తిప్పి పంపించేశారు. ఆరున్నరకు పందిట్లో నలభై మందైనా లేరు, ఆయన పెద్దరికం చూసినవాళ్లు లేరు. ఆయన బాధలో న్యాయముంది. మా పరిషత్తులో దాతకు ఆ శాలువాయే ప్రతిఫలం. టికెట్లమ్మే సంస్థల కోసం రాసిన ఆ పాఠంలో ఈ సంగతికి ఒక్క పేజీ కూడా లేదు. చివరికి దారి చూపించింది మా స్టేజీ కుర్రాడు. ఒక సెట్టు విప్పి ఇంకోటి కట్టడానికి ఎలాగూ ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధిలో మూసిన తెర ముందు ఇద్దరేసి దాతలకు సన్మానం, ఉపన్యాసాల్లేకుండా. మిల్లు యజమాని నిరుడు మళ్లీ వచ్చారు, పన్నెండు వేలతో.

కోర్సులో నాకు నచ్చిన ఇంకో పాఠం బౌమోల్, బోవెన్ అనే అమెరికా ఆర్థికవేత్తలు 1966లో చెప్పిన సంగతి. మిగతా పనుల్లో యంత్రాలొచ్చి మనిషి గంటకు చేసే పని పెరుగుతూ పోతుంది, కూలీ కూడా పెరుగుతుంది. వేదిక మీద పనికి పట్టే మనుషులు, సమయం తగ్గవు, ఖర్చు మాత్రం అందరితోపాటే పెరుగుతుంది. మా చేలల్లో వరికోత మిషన్ దిగితే రోజుల పని గంటల్లో తేలిపోతోంది. రాయబారంలో కృష్ణుడు రాగం తీసి పద్యం పాడటానికి మాత్రం మా తాతల నాడెంతసేపో ఇప్పుడూ అంతసేపే. చందాలు పెంచమని అడగడానికి వెళ్లినప్పుడు నేనీ మాటే చెబుతాను. మా రైతులకు వెంటనే అర్థమవుతుంది.

చట్టం పాఠాల మీద మాత్రం నాకు కోపముంది. 1860 నాటి సొసైటీల చట్టం ఒక్కటే చెప్పి వదిలేశారు. మా పరిషత్తులాంటి సంఘాలకు ఇక్కడ వర్తించేది 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. అది నేను భీమవరంలో ఆడిటర్ గారి దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది. దాతకు ఆదాయపు పన్నులో మినహాయింపు తెచ్చే 80జి రశీదు ఇస్తే దాతలు పెరుగుతారని క్లాసులో అన్నారు, ఆ అనుమతి తిరిగి తిరిగి తెచ్చుకున్నాం. మా చందాలన్నీ చేతికిచ్చే డబ్బే. నగదు 2000 రూపాయలు దాటితే ఆ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు. ఈ రెండు ముక్కలూ క్లాసులో చెప్పుంటే నాకు ఆ ఏడాది అన్ని తిరుగుళ్లు తప్పేవి.

చేరమంటారా అని అడిగితే నా పరిస్థితి చెప్పగలను. నేను సహకార సొసైటీలో గుమస్తాను, లెక్కలు కొత్త కాదు. ప్రయోగం చెయ్యడానికి చేతిలో పరిషత్తుంది, ఆడపిల్ల మాటని కొట్టెయ్యకుండా విన్న కమిటీ ఉంది. మీకూ ఒక గ్రంథాలయమో, గాన సభో, గరగల బృందమో ఉంటే ఆ ఒక్క అసైన్‌మెంటుకే ఫీజు గిట్టుబాటవుతుందని నా నమ్మకం. హైదరాబాద్‌లో ఉద్యోగం కోసమైతే ఆ దారిన వెళ్లినవాళ్లను అడగండి, నేను వెళ్లలేదు.

ఈ మాఘానికి రెండో గేటు దగ్గర మా మేనకోడలు నిలబడుతుంది. పాలకొల్లు వైపు ఆఖరి బస్సు ఎన్నింటికో కూడా ఈసారి పుస్తకంలో రాయమన్నాను. పదింటికి ఒక్కసారిగా లేచిన ముప్పై మంది ఎటు వెళ్లారో నాకింకా తేలలేదు.