ఒంగోల్లో టీనేజ్ పిల్లల ఆరోగ్యం, మత్తు అలవాట్ల మీద 5 రోజుల ట్రైనింగ్: వెళ్లొచ్చాక నా రివ్యూ

పోయిన నెల ఒంగోల్లో సోషల్ వర్కర్లకి పెట్టిన 5 రోజుల ట్రైనింగ్‌కి వెళ్లొచ్చా. ఫీజు 1,500, మధ్యాన్నం భోజనం వాళ్లదే. పెట్టినవాళ్ల పేరు రాయట్లేదు, లోపాలు కూడా చెప్పాలి కాబట్టి. మన వైపు ఫీల్డ్‌లో తిరిగేవాళ్లకి వాట్సాప్‌లో ఎలాగూ వచ్చే ఉంటది.

ముందు నేనెందుకు వెళ్లానో చెప్తా. చీమకుర్తి వైపు ఊళ్లలో ఆరేళ్లుగా పని చేస్తున్నా. రెండేళ్ల కింద తొమ్మిదో క్లాసు పిల్లాడు ఒకడు పంక్చర్ సొల్యూషన్ గుడ్డ మీద పోసుకుని పీలుస్తా కనపడ్డాడు, నేను పరిగెత్తుకుంటా పోయి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి హెడ్మాస్టర్ ముందు నిలబెట్టా, మంచి పనే చేస్తున్నా అనుకున్నా. మర్నాటి నుంచి వాడు బడికి రాలేదు. నెల తర్వాత చూస్తే రాళ్ల పనికి పోతున్నాడు, నేను ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేవాడు. అది నన్ను ఇప్పటికీ గుచ్చుతానే ఉంది.

అందుకే రెండో రోజు సొల్యూషన్, వైట్‌నర్ లాంటివి పీల్చడం గురించి చెప్తుంటే కదలకుండా విన్నా. 2019లో ఎయిమ్స్ వాళ్ల దేశవ్యాప్త సర్వే రిపోర్టు వచ్చింది కదా, అందులో పెద్దవాళ్ల కంటే పిల్లల్లో ఎక్కువ ఉన్నది ఈ ఒక్క రకమేనంట, 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 1.7 శాతం, పెద్దవాళ్లలో 0.58. ఇంకో మాట వినగానే నాకు చేతులు చల్లబడినయ్. పీల్చి ఉన్న పిల్లాడిని ఉన్నట్టుండి భయపెట్టకూడదు, తరమకూడదు, ఆ టైములో గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చు, మొదటిసారి పీల్చినోడికైనా సరే. మెల్లగా కూర్చోబెట్టి గాలి తగిలేలా చూడాలంట. నేను చేసింది దానికి సరిగ్గా రివర్స్.

ఈ ట్రైనింగ్‌లో అసలైన రోజు మూడోది, మొత్తం పాత్రలు వేయించడమే. క్లాసు చెప్పే మేడం పిల్లాడిలా కూర్చుంది, మేం ఒక్కొక్కళ్లం వెళ్లి మాట్లాడాలి. "ఎందుకు తాగావు రా" అని అడిగిన ప్రతివాళ్ల దగ్గరా ఆమె తల దించుకుని ఒక్క మాట కూడా మాట్లాడలా. తర్వాత పిల్లలతో ఏది ముందు, ఏది వెనక అడగాలో హెడ్స్ అనే ప్రశ్నల వరస చూపించారు, ముందు ఇల్లు, తర్వాత చదువు, తిండి, ఆటలు స్నేహితులు, ఆ తర్వాతే మత్తు సంగతి, శరీరం సంగతి, చచ్చిపోవాలనిపించడం లాంటివి. ముందే పిల్లలకి చెప్పేయాలి, నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటది కానీ నీ ప్రాణానికి ముప్పు ఉన్నా, ఎవరైనా నీ ఒంటి మీద చెయ్యి వేసినా నేను చెప్పక తప్పదు అని. పిల్లల మీద లైంగిక దాడుల గురించిన పోక్సో చట్టం కింద చెప్పకపోతే మన మీదే కేసు. తర్వాత మత్తు అలవాటు ముదిరిందేమో చూడటానికి క్రాఫ్ట్ అని 6 ప్రశ్నలు, ఒంటరిగా ఉన్నప్పుడు వాడతావా, చేసింది మర్చిపోయావా, ఇంట్లోవాళ్లు తగ్గించుకోమన్నారా ఇట్టాంటివి, రెండు అవును వస్తే ఇంకొంచెం లోతుగా చూడాలి. మొదటి ప్రశ్న మత్తులో ఉన్నోళ్లు నడిపే కారెక్కావా అని ఉంటే మా బ్యాచ్‌లో ఒక ఏఎన్‌ఎం అక్క "కారెక్కడ మేడం, బైక్ అనండి" అంది, అప్పుడే పేపర్లో మార్పించారు.

పోయిన ఆదివారం ఆ పిల్లాడి ఇంటికి వెళ్లా. సొల్యూషన్ మాటే ఎత్తలా. పని ఎన్నింటికి మొదలవుద్ది, అన్నం ఎప్పుడు తింటావు అని అడిగా. కాసేపటికి అరుగు మీదకొచ్చి కూర్చుని "అక్కా, చెయ్యి చూడు" అని వేలికి తగిలిన దెబ్బ చూపించాడు.

రక్తహీనత సెషన్ చిన్నదే కానీ పనికొచ్చేది. వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటది, అన్నం తిన్నాక వేసుకోవాలి, విరేచనం నల్లగా వస్తే భయపడక్కర్లా. ఇది ముందే చెప్పకపోతే ఆడపిల్లలు రెండో వారానికే మానేస్తున్నారు, నేను కళ్లారా చూశా. చట్టాల సెషన్ మాత్రం ఇంగ్లీష్ స్లైడ్లు చదవడమే. పిల్లలకి మందు, పొగాకు ఇస్తే 7 ఏళ్ల దాకా జైలు, బడికి 100 గజాల్లో సిగరెట్లు, గుట్కా అమ్మకూడదు, ఈ రెండు తెలుగులో చెప్పుంటే చాలు.

నాకు కోపం వచ్చింది ఎక్కడంటే వీడియోలన్నీ పబ్బులు, పార్టీలు. మా పిల్లల చేతికి దొరికేది బెల్టు షాపు మందు, ఖైనీ, సొల్యూషన్. కొండపి వైపు నుంచి వచ్చిన ఒకామె లేచి పొగాకు సంగతి అడిగింది, తడి ఆకు కోస్తే నికోటిన్ చర్మంలోంచి లోపలికి పోయి వాంతులు, తలతిప్పుడు వస్తయ్ కదా, ఆకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పిల్లలు కూడా ఉంటారు కదా అని. టైం లేదన్నారు. ఈ జిల్లాలో పొగాకుకి టైం లేకపోవడం ఏంది? పక్కన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రాత్రిబడికి పోయిన ఆడవాళ్లే సారా మీద తిరగబడితే 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా ఆగింది, ఊరిని కూడగట్టడం మీద గంటన్నర క్లాసులో ఆ పేరు ఒక్కసారి రాలా.

ఇంకో పెద్ద లోటు, పంపాల్సిన చోటు. 14 ఏళ్ల పిల్లాడిని ఏ రోజు, ఏ రూముకి తీసుకెళ్లాలి, తోడు ఎవరు రావాలి అంటే "పెద్దాసుపత్రికి పంపండి" అని వదిలేశారు. నెంబర్లు మాత్రం ఇచ్చారు, మత్తు మానడానికి 14446, మనసు బాలేకపోతే టెలీమానస్ 14416, పిల్లలకి 1098. 1972 గంజాయి అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి, సాయం కోసం చూసే పిల్లాడికి ఆ నెంబర్ ఇవ్వొద్దు, మా బ్యాచ్‌లో చాలామంది కలిపేసుకున్నారు.

5కి మూడున్నర ఇస్తా. భోజనం బాగుంది, ఆడవాళ్ల బాత్రూంలో రెండు రోజులు నీళ్లు లేవు. ఇంకో బ్యాచ్ పెడితే ఆశా, అంగన్‌వాడీ వాళ్లు కూడా వెళ్లండి. అన్ని రోజులూ కుదరకపోయినా మూడో రోజుకి మాత్రం పొద్దున్నే ఉండండి, పాత్రలు వేయించడం 9:30కే మొదలెడతారు, లేటుగా వస్తే వెనక కూర్చుని చూడటమే అవుద్ది.