పాత స్టార్మ్ పదకొండేళ్లు, కొత్త స్విఫ్ట్ ఏడాదిన్నర

మా ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి 1999 నాటి శాన్ స్టార్మ్. రెండే సీట్లు, గుడ్డ టాప్, ఫైబర్ బాడీ. 2014లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండోది 2024 స్విఫ్ట్, మాన్యువల్. విజయవాడ నుంచి గుంటూరుకు రోజూ ఉద్యోగానికి వెళ్లొచ్చేది ఇందులోనే. ఇప్పటికి 27 వేల కిలోమీటర్లు తిరిగింది.

బలంలో స్విఫ్ట్‌దే పైచేయి. స్టార్మ్‌లో ఉన్నది రెనో 1,149 సీసీ ఇంజన్, సుమారు 60 హార్స్‌పవర్. స్విఫ్ట్‌ది 1,197 సీసీ, మూడు సిలిండర్లు, దాదాపు 82. వారధి దిగి మంగళగిరి వైపు వెళ్తూ లారీని దాటాలంటే స్విఫ్ట్‌లో ఒక గేరు తగ్గిస్తే సరిపోతుంది. స్టార్మ్‌లో ఎదురుగా ఎంత ఖాళీ ఉందో ముందే చూసుకోవాలి.

కానీ ఆదివారం తెల్లవారుజామున ఉండవల్లి దాటి కరకట్ట ఎక్కితే నాకు స్టార్మే కావాలి. నా బండికి పవర్ స్టీరింగ్ లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర పార్కింగ్‌లో తిప్పుతుంటే భుజాలు పట్టేస్తాయి. అదే స్టీరింగ్ కరకట్ట మీద మాత్రం రోడ్డు గరుకుగా ఉందో, తడిగా ఉందో అరచేతికి చెప్పేస్తుంది. నేలకు అంత దగ్గరగా కూర్చుంటాం కాబట్టి యాభైలో వెళ్తున్నా తొంభైలో వెళ్తున్నట్టే ఉంటుంది. టాప్ తీసేస్తే కుడివైపు కృష్ణ గాలి, ఎడమవైపు అరటితోటల చల్లదనం. స్విఫ్ట్ తొందరగా, హాయిగా తీసుకెళ్తుంది, కానీ ఈ సంతోషం అందులో ఒక్కసారీ దొరకలేదు.

మండువేసవిలో స్టార్మ్ బయటికి తీయను, నా దాంట్లో ఏసీ లేదు. వానాకాలం కూడా ఆలోచించే తీస్తాను. ఒకసారి వారధి మీద క్లచ్ కేబుల్ తెగిపోయింది. ఆటోనగర్‌లో ఒక ముసలి మెకానిక్ తెగిన తీగనే నమూనాగా పెట్టుకుని సాయంత్రానికల్లా కొత్తది తయారుచేసి ఇచ్చాడు. ఆటోనగర్ పక్కనే లేకపోతే ఈ బండి ఎప్పుడో మూలపడేది.

ఖర్చు సంగతి కూడా తెలుసుకోవాలి. పదిహేనేళ్లు దాటిన కారుకు ప్రతి ఐదేళ్లకూ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకైతే 2025 ఆగస్టులో 10,000 అయింది.

స్విఫ్ట్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ (బండి జారిపోకుండా అదుపులో ఉంచే ఏర్పాటు) అన్ని మోడళ్లలోనూ ఉన్నాయి. నా స్టార్మ్‌లో ఒక్క ఎయిర్‌బ్యాగూ లేదు. అందుకే మా పాపను అందులో హైవే మీదికి తీసుకెళ్లను. ఇంటికి ఒక్క కారే ఉండేటట్టయితే మారు ఆలోచన లేకుండా స్విఫ్ట్ తీసుకోండి.

రెండో కారుగా స్టార్మ్ కొనాలనుకునేవాళ్లు మాత్రం మెరిసే బాడీ చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి. ఫైబర్‌కు తుప్పు పట్టదు, లోపలున్న ఉక్కు ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, పడుతుంది. ర్యాంపు ఎక్కించి, కార్పెట్ ఎత్తి చూడండి. నా బండిని పాత యజమాని ఏళ్ల తరబడి వానలో వదిలేశాడు. అది చూసుకోకుండా కొన్నందుకు తర్వాత రెండుచోట్ల వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది.